వినికిడి మాట

పండ్రెండేండ్లపాటు నేనొక కథను పదవ తరగతి పిల్లలకు జెప్పుచు వచ్చితిని. అది యబద్ధమని యెఱిగి చెప్పలేదు. నిజమని విచారించి తెలిసికొనియు జెప్పలేదు. చదివితిని, మనస్సునకు హత్తుకొన్నది, చెప్పితిని. ఆ కథను తుదకెట్లు దిద్దుకొనవలసి వచ్చెనో చదువరులకు విన్నవింపదలచితిని. ఇది నా యొక్కని పొరపాటు మాత్రమే యైనచో నింతగా వ్రాయుట యనవసరము. సంఘమును బాగుచేయగోరువారందఱును ఇట్టి పొరపాటునకు లోనగుదురని తోచుటచేతనే వ్రాయుచున్నాను.

కథ యిది. అమెరికాలో బెస్సీ స్మిత్ అను నల్లజాతి గాయని యుండెను. బ్లూస్ అనబడు పాటలను బాడుటలో నామెకు సాటి వచ్చువారు లేకుండిరి. 1937వ సంవత్సరమున మిసిసిపీ రాష్ట్రములో నామె ప్రయాణము చేయుచున్న కారు ప్రమాదమునకు లోనయ్యెను. నెత్తురోడుచున్న యామెను తెల్లవారి యాసుపత్రికి గొనిపోగా, నల్లజాతిదానిని జేర్చుకొనమని వారు తలుపు మూసిరి. వేఱొక యాసుపత్రికి గొనిపోవునంతలో నెత్తురు కాఱి యామె మరణించెను.

ఈ కథ నాకు దొరికినది ఎం.ఏ. చదువుకొను దినములలో. ఎడ్వర్డ్ ఆల్బీ అను అమెరికా నాటకకర్త ‘బెస్సీ స్మిత్ మరణము’ అను చిన్న నాటకమును వ్రాసెను. అది 1960లో బెర్లినులో మొదట ప్రదర్శింపబడెను. అందు గాయని రంగస్థలముపై గానరాదు. ఆసుపత్రియు, అందలి తెల్లవారి మాటలును మాత్రమే మనకు వినవచ్చును. ఆ నాటకము చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉపాధ్యాయుడనైన పిమ్మట అస్పృశ్యతను గూర్చిన పాఠము వచ్చినపుడెల్ల ఈ కథనే చెప్పుచుంటిని. దానికి గారణము లేకపోలేదు. మన యూరి సంగతి యెత్తినచో తరగతిలో గొన్ని బల్లలమీది తలలు వంగిపోవును. మఱికొన్ని బల్లలవారు కిటికీవైపు చూతురు. దూరదేశపు గాయని కథ చెప్పినచో నందఱును గలసి కోపింతురు. ఆ కోపమును మెల్లగా మన యూరివైపునకు ద్రిప్పవచ్చునని నా యుపాయము.

మూడేండ్ల క్రిందట, ఊరి చివరి పేటనుండి నడచి బడికి వచ్చు నొక బాలిక లేచి, “ఆ ఆసుపత్రి పేరేమిటండీ మాస్టారూ? పొమ్మన్నది డాక్టరా, నర్సా?” అని యడిగెను. ఆ ప్రశ్నలో నా మాటపై సందేహము లేదు. పొమ్మన్నవా రెవరో తెలిసికొనవలెనను పట్టుదల మాత్రమే యున్నది. నాకు సమాధానము తెలియదు. “రేపు చూసి చెప్తానమ్మా” అంటిని. ఆ రేపు వచ్చుటకు నాలుగు నెలలు పట్టెను.

వెదకగా వెదకగా ఆ కథ యొక మనిషి కలమునొద్దకు జేర్చెను. అతడు జాన్ హామండ్. అతని వృత్తి రెండు విధములైనది. రికార్డుల కంపెనీకి ప్రొడ్యూసరు, సంగీతపత్రికలకు వ్యాసకర్త. ఈ రెండు పనులు నెట్టివో కొంచెము వివరింపవలసియున్నది. గ్రామఫోను రికార్డు నొక ముఖమున మూడు నిమిషముల పాట మాత్రమే పట్టు దినములవి. ఏ గాయకుని బిలువవలెను, ప్రక్క నెవరు వాయింపవలెను, ఏ పాట పాడవలెను, పాడిన పాఠములలో నేది అంగడికి బంపవలెను అని నిర్ణయించువాడు ప్రొడ్యూసరు. అంగడికి వచ్చిన దానిలో నేది మంచిది, ఏది కాదు అని జనులకు జెప్పువాడు పత్రికా వ్యాసకర్త. హామండ్ నందు వండువాడును, రుచి చెప్పువాడును ఒక్కడే.

అతడు 1910లో న్యూయార్కున మహాసంపన్నుల యింట బుట్టెను. తల్లి వాండర్‌బిల్ట్ వంశమునకు జెందినది. బాల్యమున నింటి పనివారి గదులలో వినబడు రికార్డులే యతనికి సంగీతమున మొదటి గురువులు. యేల్ విశ్వవిద్యాలయమును నడుమనే విడిచెను. ఇంగ్లండులోని ‘మెలొడీ మేకర్’ పత్రికకు అమెరికా సంగతులు వ్రాసి పంపుచు, చేతి సొమ్ముతో రికార్డులు చేయింప నారంభించెను. 1933 నవంబరు 24న బెస్సీ స్మిత్ చేత న్యూయార్కులో నాలుగు పాటలు పాడించెను. అవియే యామె కడపటి రికార్డులు. మూడు దినముల తరువాత, నవంబరు 27న, పదునెనిమిదేండ్ల బిల్లీ హాలిడే చేత మొట్టమొదటి రికార్డు పాడించెను. ఒక యుగము ముగియుటయు, మఱియొకటి మొదలగుటయు నొక్క వారములో నొక్కని పర్యవేక్షణమున జరిగినవి. 1936లో షికాగోలో తన కారులోని రేడియోయందు కాన్సస్ సిటీనుండి వచ్చు కౌంట్ బేసీ వాద్యబృందమును విని, వారిని వెదకికొని పోయి లోకమునకు జూపెను.

అతని యుత్సాహము సంగీతముతో నాగలేదు. ఆలబామా రాష్ట్రమున తొమ్మిదిమంది నల్లజాతి యువకులపై అన్యాయముగా మోపబడిన స్కాట్స్‌బరో కేసు విచారణకు 1933లో స్వయముగా బోయి, ‘ది నేషన్’ పత్రికకు వ్రాసెను. నల్లజాతివారి హక్కులకై పాటుపడు జాతీయ సంఘమునకు నిర్వాహకవర్గ సభ్యుడుగా బహుకాలము పని చేసెను. తెల్లవారును నల్లవారును ఒకే వేదికపై కూర్చుండి వాయించుట యరుదైన ఆ దినములలో, 1938 డిసెంబరు 23న కార్నెగీ హాలులో నల్లజాతి సంగీతపు చరిత్రను జూపు మహాసభ నేర్పాటు చేసి, దానిని బెస్సీ స్మిత్ స్మృతికి అంకిత మొనర్చెను. ఆ సభకు రావలసిన రాబర్ట్ జాన్సన్ అను గాయకుడు ఆగస్టులోనే మరణించెనని తెలిసి, అతని రికార్డులను వేదికపై బెట్టి వినిపించెను. ఇట్టివానిని సామాన్యుడనుట కృతఘ్నత యగును.

అయినను వండువాడే రుచి చెప్పుటలోని చిక్కు అతనికి దప్పలేదు. డ్యూక్ ఎల్లింగ్‌టన్ అను మహావాగ్గేయకారుడు 1935లో నాలుగు రికార్డు ముఖములు పట్టు దీర్ఘకృతి నొకదానిని రచింపగా, హామండ్ దానిని మిక్కిలి నిందించి, ఎల్లింగ్‌టన్ తన జాతి కష్టములకు గన్నులు మూసికొన్నాడని కూడ వ్రాసెను. తన జాతి కష్టము తానెఱుగడని ఒక కోటీశ్వరుని కుమారుడు నల్లజాతి కళాకారునికి బోధించుట యెట్టిదో చదువరులే యూహింపగలరు. ఎల్లింగ్‌టన్ 1939లో ‘డౌన్ బీట్’ పత్రికలో బదులు వ్రాయుచు, హామండ్ కొన్ని పక్షములలో మిక్కిలిగా గలసిపోయినందున విమర్శకునికి గావలసిన తటస్థత యతనికి మిగులలేదని తేల్చి చెప్పెను.

ఇక ప్రకృతమునకు వచ్చెదను. బెస్సీ స్మిత్ మరణించినది 1937 సెప్టెంబరు 26న. ఆ నవంబరు నెల ‘డౌన్ బీట్’లో హామండ్ ఒక వ్యాసము ప్రకటించెను. వైద్యసహాయమునకై వేచియుండి బెస్సీ నెత్తురు కాఱి మరణించెనా యని దాని శీర్షిక. శీర్షిక చివర ప్రశ్నార్థకము కలదు. ప్రమాదమునకు బిమ్మట మెంఫిస్ నగరమునకు బోయివచ్చిన యొక వాద్యబృందమువారు తనకీ సంగతి చెప్పిరని యతడు వ్రాసెను. ఇట్టి కథలు నోటనుండి నోటికి బోవునపుడు పెరుగునని తానెఱుగుదుననియు, అచ్చట నున్నవారు నిజము చెప్పినచో సంతసింతుననియు గూడ వ్రాసెను. వ్యాసమును ముగించుచు, ఆమె పాటల స్మారక సంపుటము త్వరలో వెలువడనున్నదని తెలిపి, ఆ యేట సంగీతములో కొనదగిన వస్తువులలో నదియే మేలైనదని చెప్పెను.

ఆ వ్యాసము సారాంశమును జదివినపుడు నేను చాల సేపు పుస్తకము మూసికొని కూర్చుంటిని. మొదట నాకు గోపము వచ్చినది ఆ చివరి మాటల మీద. మరణవార్తయు, అమ్మకపు ప్రకటనయు నొక్క కాగితముపై నుండవచ్చునా? కాని యాలోచింపగా నా కోపము నాపైకే తిరిగెను. హామండ్ ప్రశ్నార్థక ముంచెను. తాను విన్నది విన్నట్లే చెప్పితినని యొప్పుకొనెను. ఆ ప్రశ్నార్థకము దారిలో నెక్కడనో రాలిపోయినది. చదివినవారు దానిని నిశ్చయముగా జెప్పుకొనిరి. ఇరువదేండ్ల తరువాత నాటకకర్త దానిని నాటకముగా గట్టెను. ఆ నాటకము చదివి నేను పాఠముగా జెప్పితిని. సముద్రముల కావల మొదలైన వినికిడి మాట మా బడి నల్లబల్లమీద సత్యమై కూర్చున్నది.

నేను సంస్కృతము చదువుకొన్న దినములలో న్యాయశాస్త్రము చెప్పిన గురువుగారు శబ్దప్రమాణమును గూర్చి బోధించుచు, ఆప్తుడనగా నెవడని మమ్ము ప్రశ్నించిరి. మంచివాడని మేమంటిమి. మంచితన మొక్కటియే చాలదని వారు నవ్విరి. విషయమును స్వయముగా నెఱిగినవాడును, ఎఱిగినది యెఱిగినట్లు చెప్పగోరువాడును ఆప్తుడు. ఋషియైనను, సామాన్యుడైనను, పరదేశియైనను ఈ లక్షణమున భేదము లేదు. హామండునకు రెండవ గుణము కొంత కలదు, మొదటిది లేదు. నాకు రెండును లేవు. మంచి యుద్దేశ మొక్కటి యుండినది. నే నాప్తుడను గాకయే, నన్నాప్తునిగా నమ్ము నలువదిమంది పిల్లల యెదుట పండ్రెండేండ్లు నిలువబడితిని.

ఆ కథను దిద్దినవాడును అదే వృత్తివాడగుట నాకు మిక్కిలి యాశ్చర్యము గలిగించెను. క్రిస్ ఆల్బర్ట్‌సన్ 1931లో ఐస్‌లాండులోని రెయ్క్యావిక్ నగరమున బుట్టెను. బాలుడై కోపెన్‌హేగనులో నుండగా రేడియోలో బెస్సీ స్మిత్ గొంతు విని, ఆ గొంతు గలవారి సంగతి తెలిసికొనవలెనని పూనెను. 1957లో అమెరికా చేరి, ఫిలడెల్ఫియా రేడియోలో పని చేసెను. పూర్వము ప్రసిద్ధుడై, పిమ్మట జనులు మఱచిపోయిన లానీ జాన్సన్ అను గాయకుడు ఆ నగరమున నొక హోటలులో ఊడ్చి తుడుచు పని చేయుచున్నాడని 1959లో కనిపెట్టి, అతనిచేత మఱల రికార్డులు పాడించెను. రివర్‌సైడ్ రికార్డుల కంపెనీకి ప్రొడ్యూసరై, 1961లో న్యూ ఆర్లియన్స్ నగరమునకు బోయి వృద్ధవాద్యకారుల సంగీతమును రికార్డు చేయించెను. ‘స్టీరియో రివ్యూ’ అను పత్రికకు ఇరువది యెనిమిదేండ్లు వ్రాసెను. 2019లో మరణించెను.

1970 మొదలు కొలంబియా కంపెనీ బెస్సీ స్మిత్ పాటలు నూట అరువదింటిని మఱల వెలువరించినపుడు, ఆ పనిలో హామండును ఆల్బర్ట్‌సనును గలసి పని చేసిరి. ఆ సందర్భముననే ఆల్బర్ట్‌సన్ గాయని జీవితచరిత్రము వ్రాయబూని, ఆమె బంధువులను, ఆమెతో నూరూర దిరిగినవారిని వెదకి వెదకి ప్రశ్నించెను. ఆ గ్రంథము 1972లో వెలువడి, 2003లో విస్తరింపబడెను. అందొక చిన్న సంగతి కలదు. అతడు హామండునే యడిగెను. ఆ వ్యాసమంతయు వినికిడి మాటపై నాధారపడినదని హామండ్ సిగ్గుపడుచు నొప్పుకొనెను. ముప్పదియైదేండ్లలో నీ ప్రశ్న సూటిగా నడిగి సమాధానము నచ్చు వేసిన గ్రంథ మిదియే యని తోచును. అడుగుట యింత సులభమైన పని.

ప్రమాదస్థలమునకు మొదట వచ్చిన వైద్యునిగూడ ఆల్బర్ట్‌సన్ వెదకి కనుగొనెను. అతడు మెంఫిస్ నగరపు తెల్లజాతి శస్త్రవైద్యుడు. మిత్రునితో గలసి చేపల వేటకు బోవుచు, తెల్లవారుజామున, క్లార్క్స్‌డేలు వైపు పోవు 61వ నంబరు రాజమార్గమున ఆగిన కారును జూచెను. బెస్సీ కుడి చేయి మోచేతియొద్ద దాదాపు తెగిపోయియున్నది. అతడు కట్టు కట్టెను; మిత్రుడు బోయి ఆంబులెన్సునకు గబురు చేసెను. ఇంతలో వేగముగా వచ్చిన మఱియొక కారు వైద్యుని కారునే గ్రుద్దికొనెను. ఆ కారులోని తెల్లజాతి దంపతులును గాయపడిరి. బెస్సీని క్లార్క్స్‌డేలులోని నల్లజాతివారి యాసుపత్రికి దీసికొనిపోయిరి. అచ్చట నామె చేయి దీసివేసిరి. ఆ పూటనే యామె మరణించెను. తెల్లవారి యాసుపత్రికి ఆమెను దీసికొనిపోనేలేదు. కావున పొమ్మన్నవారును లేరు.

నేను తరగతిలో నీ సంగతి చెప్పి, “ఇన్నాళ్లు మీకు తప్పు చెప్పాను” అని యొప్పుకొంటిని. నలువదేండ్లు దాటినవాడు పిల్లల యెదుట నీమాట చెప్పుట సులభము గాదు. నా గొంతు వణకెను. అయితే నేను భయపడినది అవమానమునకు గాదు. వెనుక బల్లమీది యొక బాలుడు నవ్వి, “అయితే అక్కడ అలాంటిదేమీ లేదన్నమాట మాస్టారూ” అనెను. అతని ప్రక్కవారు నవ్విరి. ఈ నవ్వునకే నేను భయపడితిని. అబద్ధపు సాక్ష్యముపై నిలిపిన న్యాయము, సాక్ష్యముతో గూడ గూలును. నేను చెప్పిన కథ కూలగానే, అమెరికాలోను మన యూరిలోను జరిగిన వేయి నిజములు గూడ గూలిపోయినవని వారికి దోచినది. వారికా యవకాశ మిచ్చినవాడను నేనే.

అప్పు డాదిని ప్రశ్నించిన బాలికయే మఱల లేచెను. “అలాంటిదేమీ లేకపోతే, రెండు ఆసుపత్రులు ఎందుకున్నాయండీ?” అని యడిగెను.

తరగతి నిశ్శబ్దమయ్యెను. ఆ వైద్యుడు ఆల్బర్ట్‌సనుతో జెప్పిన మఱియొక మాటను నేను చదివియుంటిని గాని, దాని బరువు అంతవఱకు నా కెక్కలేదు. తెల్లవారి యాసుపత్రియు నల్లవారి యాసుపత్రియు అరమైలు దూరములోపలనే యుండెనట. అయినను, ఆ ప్రాంతమున ఆ కాలమున, నల్లజాతి మనిషిని తెల్లవారి యాసుపత్రికి దీసికొనిపోవలెనను తలంపే యే ఆంబులెన్సువానికిని గలుగదట. ఈ మాటను బిల్లలకు జెప్పితిని. నవ్విన బాలుడు తల వంచికొనెను.

ఇంటికి వచ్చి చాల సేపు యోచించితిని. నేను పండ్రెండేండ్లు చెప్పిన కథలో నొక దుర్మార్గుడు కలడు. అతడు తలుపు మూసెను. అతనిని దిట్టి, అతనిని దొలగించినచో అంతయు జక్కబడునని పిల్లలు తలంచిరి. నిజములో నట్టి దుర్మార్గుడు లేడు. కట్టు కట్టిన వైద్యుడు దయగలవాడు. ఆంబులెన్సు నడపినవాడు తన పని తాను చేసెను. ఎవడును ఎవనిని పొమ్మనలేదు. పొమ్మనవలసిన యవసరమే రాకుండ, ఎవరి నెచ్చటికి గొనిపోవలెనో ముందే యందఱి మనస్సులలోను వ్రాసిపెట్టబడి యున్నది. నిజము కథకంటె మెత్తనైనది గాదు, మిక్కిలి కఠినమైనది. మన యూళ్లలో నీళ్లబిందెతో వచ్చినవారిని వెడలగొట్టిన దుర్మార్గుని కథలు మన మెన్నియో చెప్పుకొందుము. బిందెతో ఆ బావివైపునకు రావలెనను తలంపే యెన్నడును గలుగనివారి సంగతి యెవరును వ్రాయరు. అది వార్త కాదు గదా.

మఱియొక సంగతి గూడ నా మనస్సును విడువలేదు. బెస్సీ మరణకథ పత్రికలలోను రంగస్థలముమీదను దిరుగుచున్న కాలమంతయు, ఫిలడెల్ఫియా సమీపమున నామె సమాధిపై పేరు చెక్కిన ఱాయి యైనను లేకుండెను. 1937 నుండి 1970 వఱకు, ముప్పదిమూడేండ్లు అట్లే యుండెను. 1970 ఆగస్టులో జానిస్ జోప్లిన్ అను గాయనియు, బాల్యమున బెస్సీ యింట పని చేసిన యొక మహిళయు సొమ్ము వేసికొని ఱాయి నిలిపించిరి. ఆమె మరణమును దలచి యాగ్రహించినవారు వేలకొలది. ఆమెను బూడ్చిన చోటునకు బోయి చూచినవారు కొలదిమంది. నేనును ఆ యాగ్రహించినవారిలో నొకడనే.

హామండును నేను నిందింపజాలను. 1987లో మరణించువఱకు అతడు క్రొత్త గొంతుల వెదకుట మానలేదు. అరీతా ఫ్రాంక్లిన్, బాబ్ డిలన్, లియొనార్డ్ కోహెన్, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ – వీరందఱు నతడు కొలంబియా కంపెనీకి జేర్చినవారే. అతని చెవి గొప్పది. చెవి గొప్పదగుటయే ఒక్కచో నతని దోషమయ్యెను. పాట విన్నట్లే వార్తను గూడ విని నమ్మెను. పాటకు చెవియే సాక్షి. వార్తకు కాళ్లరుగ దిరుగుటయు, అడుగుటయు గావలెను. ఆల్బర్ట్‌సన్ హామండుకంటె మిక్కిలి యుదారుడనియు, నల్లజాతివారి నెక్కువగా బ్రేమించెననియు నేననను. అడిగెను, అంతే.

సంఘసంస్కారమును గోరు మనము సభలలో నుపన్యసించునపుడు, పత్రికలకు వ్రాయునపుడు, మన పక్షమునకు బనికివచ్చు కథ దొరికినచో దాని నిజానిజములు విచారించుటకు వెనుదీయుదుము. విచారించినచో నది చేజాఱునేమో యని లోలోపల భయము. నాకును ఆ భయ ముండెను. అందుచేతనే పండ్రెండేండ్లు విచారింపలేదు. విచారించిన తరువాత నాకు మిగిలినది మునుపటి కథకంటె బలమైన కథ. అయితే ఎల్లపుడు నట్లే జరుగునని నేను హామీ యీయజాలను. కొన్ని సమయముల వట్టి చేతులే మిగులవచ్చును. అప్పుడును విచారింపవలసినదే.

ఆ బాలిక యిప్పుడు పట్టణమున నర్సు శిక్షణ పొందుచున్నది. నేను ప్రతి యేడును ఆ పాఠము చెప్పుచునే యున్నాను. ముందు నేను నమ్మిన కథ, తరువాత ఆల్బర్ట్‌సన్ కనుగొన్న సంగతి, చివరకు ఆ పిల్ల యడిగిన ప్రశ్న. ఆ ప్రశ్నను నల్లబల్లమీద వ్రాసి, సమాధానము వ్రాయక బయటికి వత్తును.